కోబేలో ఒక కన్ను, ఫ్లోరిడాలో ఆరు కళ్లు

ఈసారి కంటి వైద్యం చరిత్ర కొంచెం.

వయసు మీరితే కొందరికి రెటీనా నడిమి భాగం, అంటే మాక్యులా, చెడిపోతుంది. ఎదుటి మనిషి ముఖం, చదివే అక్షరం మసకైపోతాయి. పక్కచూపు మాత్రం మిగులుతుంది. వెలుగును పట్టే కణాలను పోషించే పలచని పొర ఒకటి అక్కడుంది, అది దెబ్బతింటుంది. పోయిన పొరను మళ్లీ పెంచి పెట్టగలమా అన్నదే ప్రశ్న.

స్టెమ్ సెల్‌ను నేను చదువుకున్న తమిళంలో కురుత్తణు అంటారు. కురుత్తు అంటే మొవ్వు. మూలకణం అనేదానికన్నా ఈ మాటే నాకు బాగా పడుతుంది. 2006లో జపాన్ శాస్త్రవేత్త షిన్యా యమనాక ఎలుక చర్మకణాన్ని, మరుసటి ఏడు మనిషి చర్మకణాన్ని వెనక్కి తిప్పి మొవ్వుగా చేసినారు. 2012లో నోబెల్ వచ్చింది.

2014 సెప్టెంబరులో కోబే నగరంలో మసాయో తకహాషి గారి బృందం, డెబ్బై దాటిన ఒకామె చర్మం నుంచి ఆ పొరను పెంచి ఒక్క కంట్లో పెట్టింది. పొర 1.3 మిల్లీమీటర్ల వెడల్పు, 3 మిల్లీమీటర్ల పొడుగు, అంతే. ఏడాది తర్వాత చూస్తే చూపు పెరగలేదు, తగ్గనూ లేదు. గడ్డలేమీ రాలేదు. రెండో రోగికి కణాలు సిద్ధమైనాక వాటి జన్యువుల్లో మార్పులు కనబడినాయి. 2015లో ఆపేసినారు. నా లెక్కలో ఈ ఆపడమే పెద్ద పని. సిగ్నల్ ఇవ్వలేదంటే బండి నిలవాల్సిందే, లోపల ఎవరున్నా సరే.

అదే 2015లో ఫ్లోరిడాలో ఒక క్లినిక్‌కు ముగ్గురు ఆడవాళ్లు పోయినారు, 72 నుంచి 88 ఏళ్లవాళ్లు. తలా 5,000 డాలర్లు కట్టినారు. పొట్ట కొవ్వు తీసి, అందులోని కణాలని చెప్పి, ఒకేసారి రెండు కళ్లకూ ఇంజెక్షన్ వేసినారు. అంతకుముందు కొంతైనా కనబడిన కళ్లు అవి. రెటీనా ఊడి, నెత్తురు కారి, ముగ్గురికీ చూపు దాదాపు పోయింది. ఇది పరిశోధన అనుకునే పోయినామని వాళ్లలో ఇద్దరు చెప్పినారు.

కోబే కథ, ఫ్లోరిడా కథ రెండూ న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒకే సంచికలో, 2017 మార్చి 16న అచ్చయినాయి.

మన వాట్సాప్ గ్రూపుల్లో "పోయిన చూపు గ్యారంటీ" అని తిరిగే ప్రకటనలు చూసినప్పుడు రెండు సంగతులు అడగండి: డబ్బు ఎవరు కడుతున్నారు? రెండు కళ్లూ ఒకేసారా? మన ఐసీఎంఆర్ 2017 నియమాల ప్రకారం మాక్యులా జబ్బుకు దీన్ని మామూలు వైద్యంగా అమ్మకూడదు. అనుమతి పొందిన పరీక్షల్లోనే చేయాలి.