కొట్టంల అంబాసిడర్

జర దగ్గరికి జరగుండ్రి బిడ్డా. మొన్న మీ ఇస్కూలోళ్లు చౌమహల్లాకు తోల్కపోయిండ్రంట గదా, అండ్ల పసుప్పచ్చ రోల్స్ రాయిస్ చూసిండ్రా? ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా చెప్పి చేయించుకున్న బండది. 1912 మోడలు సిల్వర్ ఘోస్ట్. పైబాడీ ఇంగ్లండుల బార్కర్ కంపెనోళ్లు కట్టిండ్రు, ఎనక సీటును గద్దెగనే చేసిండ్రు. అది చేతికి రాకముందే, 1911లనే ఆయన కాలం జేసిండు. ఎక్కే నసీబు కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్‌కు దక్కింది. ఏండ్లకేండ్లు మూలకు పడ్డంక ఈ నడుమ బాగు చేయించి నిలబెట్టిండ్రు.

నిజామోళ్ల బండి, బాగైంది. మన పెద్ద అంబర్‌పేట్ల పటేల్ బండి ఎట్ల బాగైందో చెప్త ఇనుండ్రి.

అది అంబాసిడర్, మార్క్ టూ. పటేల్ వాళ్ల నాయిన కొన్నడు. అప్పట్ల రింగ్ రోడ్డు లేదు, ఈ ఫ్లై ఓవర్లు లెవ్వు. ఇప్పుడు 65 అంటున్న విజయవాడ రోడ్డు అప్పుడు తొమ్మిదో నంబరు. గా రోడ్డు మీద ఆ కారు పోతుంటే చేన్లల్ల పని చేసేటోళ్లు నడుము లేపి చూస్తుండ్రి. పెద్దాయన పోయినంక బండిని బర్ల కొట్టంల పెట్టిండ్రు. ఎనక సీటు మీద కోళ్లు గుడ్లు పెట్టినయ్. ఉత్తర్‌పారాల అంబాసిడర్ ఫ్యాక్టరీ 2014 మే నెలల బందైందని పేపర్ల చదివినంక పటేల్‌కు బండి యాదికొచ్చింది. ఆటోనగర్ల నా దుకాణంకాడికి వచ్చి, "మామా, రిపేరు జేద్దామా?" అన్నడు. మేస్త్రీలు ఇంజను చూసిండ్రు, డెంటరు రేకు చూసిండు. కరెంటు పని నా నెత్తిన పడ్డది.

బానెట్ లేపి చూస్తే ఏమున్నది? గుడ్డ టేపు, ప్లాస్టిక్ టేపు, ఒకకాడ సైకిల్ ట్యూబు ముక్క. కంపెనీ ఏసిన వైరు ఏడున్నదో ఎతుక్కోవాలె. ఎవని బుద్ధికి తోచినట్టు వాడు జోడు పెట్టిండు. హారన్‌కు ఇంట్ల ఫ్యానుకు ఏసే వైరు, టేప్ రికార్డరుకు టెలిఫోన్ వైరు! మంది అంటరు పాత బండ్ల కరెంటు ఖరాబని. నేనొప్పుకోను. ఎలుక కొరికితే తప్ప కంపెనీ వైరు అంత జల్ది చెడిపోదు. దాన్ని ఆగం జేసింది నడుమల పెట్టిన చేతులే.

అంబాసిడర్ పుట్టిల్లు ఇంగ్లండు, అక్కడి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ త్రీ. అందుకే వైరింగ్ రంగులు కూడా అక్కడి లూకాస్ కంపెనోళ్ల లెక్కనే ఉంటయ్. బ్రౌన్ అంటే బ్యాటరీ నుంచి వచ్చేది, తాళం చెవి తీసినా అండ్ల కరెంటు ఉంటది. తెలుపు ఇగ్నిషన్. ఆకుపచ్చది ఇగ్నిషన్ ఎనక ఫ్యూజు దాటి వచ్చేది. నీలం పెద్ద లైట్లు, ఎరుపు సైడు లైట్లు. నలుపు ఎర్తు. గీ ఆరు రంగులు ఎర్కుంటే సగం పని అయినట్టే. మా ఉస్తాద్ నాకు ఏబీసీడీల కన్న ముందు ఇవే నేర్పిండు.

బ్యాటరీ వైరు పీకి, పాత హార్నెస్, అంటే వైర్ల కట్ట, మొత్తం తెంపకుండ గుంజి, మంచం మీద పరిచిన. ప్రతి కొసకు చీటీ కట్టిన. దాని పొడుగు కొలతతోనే కొత్తది కోసిన. రంగు దొరకని వైర్ల కోసం పుత్లీబౌలి, రాణిగంజ్ తిరిగిన. రంగు దొరకకపోతే ఉన్నదేదో ఏసేద్దామంటడు పటేల్. నేను ససేమిరా అన్న. రేపు నేను లేనినాడు ఇంకో మేస్త్రీ బానెట్ లేపితే వానికి సమజ్ కావాలె గదా!

లైట్ల కాడ చూడాలె తమాషా. కంపెనీ ఇచ్చినయి 45 వాట్ల బల్బులు. రెండు కలిపితే పన్నెండు వోల్టుల మీద ఏడున్నర యాంపులు. నడుమల ఎవడో సోకుకు 100 వాట్ల హాలోజన్ ఏసిండు. గప్పుడు 16, 17 యాంపులు ఆ చిన్న డ్యాష్ బోర్డు స్విచ్చిలకెల్లి పారాలె. పారి పారి స్విచ్చి వెనుక బేకలైట్ మాడి బొగ్గైంది. నేను పాత బల్బులే పెట్టిన, పైకెల్లి కనపడకుండ రెండు రిలేలు ఏసిన. పాత బండికి కొత్త సామాను ఏసుడు తప్పంటరు కొందరు. కార్ఖానల రెండే ఫ్యూజులు ఇచ్చిన బండికి ఇంకో నాలుగు ఎక్కిస్తే ఎవనికి నష్టం? బండి కాలకుంటే చాలు.

అన్ని కట్టినంక బ్యాటరీ సీదా తగిలియ్యలే. నడుమల ఒక బల్బు పెట్టిన. అన్ని స్విచ్చిలు బందుంటే బల్బు ఎలగొద్దు. ఎలిగిందంటే ఏడనో వైరు బాడీకి తాకుతున్నట్టు. మా బల్బు ఎలగలే. సంబురపడి బల్బు తీసి, వైరు కలిపి సెల్ఫు కొట్టినం. ఇంజను తిరగలే గని చోక్ వైరు కెల్లి పొగ లేసింది! పటేల్ నీళ్ల బిందె కోసం ఉరికిండు. ఏం లేదు, ఇంజను దించి ఎక్కించిన మేస్త్రీ ఇంజనుకు, బాడీకి నడుమ ఉండే ఎర్తు పట్టీ మరిచిండు. సెల్ఫుకు వందల యాంపులు కావాలె. అది ఇంజనులకెల్లి తిరిగి పోనీకె తొవ్వ లేక సన్నటి చోక్ వైరును పట్టింది. ఎర్తు లేకుంటే కరెంటు ఊరుకోదు, దొరికిన సందుల దూరుతది. పట్టీ బిగించంగనే ఇంజను గుర్రున లేసింది.

లేసినంక పటేల్‌కు ఇంకో భయం. "మామా, ఎర్ర లైటు ఎలుగుతుంది!" డైనమో బండి అయ్యా, స్లో మీద చార్జి కాదు, జర రేస్ చెయ్యి అన్న. తొక్కంగనే ఆరింది. డైనమో ఇచ్చేదే 20 యాంపుల లోపల. ఆల్టర్నేటర్ ఎయ్యి, ఏసీ పెట్టు, పెద్ద పాటల పెట్టె పెట్టు అని సుట్టాలు చెవుల జోరీగలైండ్రు. ఏసీ కావాలంటే కొత్త కారు కొనుక్కో అని చెప్పిన.

2021ల సర్కారు కొత్త రూలు తెచ్చింది. 50 ఏండ్లు దాటిన బండ్లకు వింటేజ్ రిజిస్ట్రేషన్, నంబరుల వీఏ అని ఉంటది, ఫీజు 20,000. అయితే రోజూ తిప్పొద్దు, కిరాయికి నడపొద్దు. పటేల్ అదే చేయించుకున్నడు. రూలు మంచిగ దొరికింది ఆయనకు. ఉగాదికి, దసరాకు తప్ప తియ్యడు. తీసే ముందురోజు నాకు ఫోన్ చేస్తడు, బ్యాటరీ డౌనైంది మామా అని. బండి నిలబెట్టినప్పుడు ఎర్తు వైరు విప్పు, వారానికోపారి స్టార్ట్ చెయ్యి అని ఎన్నిసార్లు చెప్పినా ఇనడు.