ఊపిరితిత్తుల అడినోకార్సినోమా

ఊపిరితిత్తుల క్యాన్సర్లలో నేడు ఎక్కువగా కనిపించేది అడినోకార్సినోమా. మొత్తం కేసుల్లో సుమారు 40 శాతం ఈ రకమే. శ్లేష్మం స్రవించే గ్రంథి కణాల లక్షణాలున్న ఈ కణితి సాధారణంగా ఊపిరితిత్తుల అంచు భాగాల్లో పుడుతుంది.

వందేళ్ల కిందట ఊపిరితిత్తుల క్యాన్సరే అరుదు. 1912లో ఐజాక్ ఆడ్లర్ దీనిపై గ్రంథం రాస్తూ వైద్య సాహిత్యమంతా గాలిస్తే దొరికినవి 374 కేసులే. ఇంత అరుదైన జబ్బు మీద పుస్తకమెందుకని ఆయనే సందేహించాడు. 1933లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో శస్త్రవైద్యుడు ఎవర్ట్స్ గ్రాహం ఒక రోగి ఎడమ ఊపిరితిత్తిని పూర్తిగా తొలగించి బతికించాడు. 1950లో ఎర్నెస్ట్ వైండర్‌తో కలిసి సిగరెట్టుకూ ఈ క్యాన్సర్‌కూ ఉన్న సంబంధాన్ని చూపినవాడూ ఆయనే. చాలాకాలం పొగతాగిన గ్రాహం 1957లో ఊపిరితిత్తుల క్యాన్సర్‌తోనే చనిపోయాడు. ఆయన ఆపరేషన్ చేసిన రోగి మాత్రం 1963 దాకా జీవించాడు.

అప్పట్లో పెద్ద శ్వాసనాళాల్లో వచ్చే పొలుసుకణ క్యాన్సర్‌దే పైచేయి. ఆ వరస తారుమారు కావడంలో ఫిల్టర్ సిగరెట్టు పాత్ర ఉందని భావిస్తారు. 1950ల నుంచి కంపెనీలు దాన్ని తక్కువ హానికరమన్నట్టు అమ్ముకున్నాయి. ఫిల్టర్ చుట్టూ ఉండే సన్నని రంధ్రాల వల్ల పొగ పలచబడుతుంది. నికోటిన్ చాలక తాగేవాళ్లు మరింత లోతుగా పీలుస్తారు, పొగ ఊపిరితిత్తుల చివరిదాకా చేరుతుంది. పొగాకు మిశ్రమాల్లో నైట్రోసమైన్లనే క్యాన్సర్ కారకాలూ పెరిగాయి. సిగరెట్టు తయారీలో వచ్చిన మార్పులే అడినోకార్సినోమా ముప్పును పెంచాయని 2014లో అమెరికా సర్జన్ జనరల్ నివేదిక తేల్చింది. ఫిల్టర్ భద్రత పేరిట జరిగింది మోసమే.

పొగ తాగనివారికి వచ్చే ఊపిరితిత్తుల క్యాన్సర్లలోనూ ఇదే ఎక్కువ. ఆసియా మహిళల్లో మరీను. ఇలాంటి రోగుల కణితుల్లో తరచుగా కనిపించే ఈజీఎఫ్ఆర్ జన్యుమార్పును 2004లో గుర్తించాక, దాన్ని బట్టి మాత్రలు ఎంచే చికిత్స మొదలైంది.

అంచుల్లో పెరిగే కణితి కాబట్టి చాలాకాలం బయటపడదు. తగ్గని దగ్గు, కళ్లెలో నెత్తురు, ఆయాసం, ఛాతీలోనో భుజంలోనో నొప్పి, గొంతు బొంగురుపోవడం, కారణం లేకుండా బరువు తగ్గడం హెచ్చరికలు. కొందరిలో ఊపిరితిత్తి చుట్టూ చేరిన నీరో, ఎముకలకో మెదడుకో పాకాక వచ్చే నొప్పులో మొదటి సూచన. మన దేశంలో ఈ లక్షణాలను తరచూ క్షయగా పొరబడతారు. పొగ అలవాటు లేకపోయినా, దగ్గు మూడు వారాలు దాటితే డాక్టరుకు చూపించుకోవాలి. టీబీ మందులకు గుణం కనిపించకపోతే సీటీ స్కాన్, బయాప్సీ గురించి అడగాలి.