దొరగారి రైఫిలూ, రైతు తుపాకీ

మా బడిలో పిల్లలు ఒకసారి వాదించుకున్నారు. తెలుగు ఇళ్ళ పిల్లలు ‘తుపాకి’ మన మాట అన్నారు. తమిళ పిల్లలు ‘తుప్పాక్కి’ మా మాట అన్నారు. తీర్పు చెప్పమని నా దగ్గరికి వచ్చారు. ఆ మాట ఇద్దరిదీ కాదు. తుర్కీ, పారసీక భాషల నుంచి వచ్చి రెండిళ్ళలోనూ కాపురం పెట్టింది. మాట ఇలా దూరదేశం నుంచి వచ్చినట్టే వస్తువూ వచ్చింది. వచ్చిన వస్తువు దొరల బంగళా నుంచి రైతు పూరింటి దాకా ఎలా దిగింది, దిగేటప్పుడు ఏమేమి రాలిపోయింది అన్నదే ఈనాటి ప్రసంగ విషయం.

మాది ధర్మపురి జిల్లా పాపిరెడ్డిపట్టి. ఒకవైపు సేర్వరాయన్ కొండలు, మరోవైపు చిత్తేరి కొండలు. వేరుశనగ వేసినా, మరవళ్ళి అని మనం పిలుచుకునే కర్రపెండలం వేసినా, అడవిపందులకు వాటా ఇవ్వక తప్పదు. మా తాతగారి దగ్గర మందు కూరి కాల్చే ఒంటి గొట్టం నాటు తుపాకి ఒకటి ఉండేది. పంట రక్షణకు లైసెన్సు ఇచ్చారు. ఎన్నికలు వచ్చినప్పుడల్లా దాన్ని పోలీసు స్టేషనులో అప్పగించి రసీదు తెచ్చుకునేవారు. తుపాకి కంటే ఆ రసీదునే ఎక్కువ భద్రంగా దాచేవారు.

మరి అదే కాలంలో దొరలు పట్టిన తుపాకులు ఎలాంటివి? లండనులో హాలండ్ అండ్ హాలండ్, పర్డీ, రిగ్బీ, బర్మింగ్‌హామ్‌లో వెస్ట్లీ రిచర్డ్స్ వంటి కంపెనీలవి. వాటిలో రాజు జంట గొట్టాల రైఫిలు. రెండు గొట్టాలూ ఒకే గురి మీద కొట్టాలి కదా! అందుకు పనివాడు కాల్చి చూడటం, గొట్టాల అమరిక కొంచెం సవరించటం, మళ్ళీ కాల్చి చూడటం, ఇలా రోజులు పట్టేది. అంతా చేతిపని. అందుకే ఆ ధర మహారాజులకూ, గవర్నర్లకూ తప్ప మిగిలినవారికి అందేది కాదు.

కానీ సామ్రాజ్యంలో మహారాజులు ఎందరు? అటవీ అధికారులు, కాఫీ తోటల మేనేజర్లు, రైల్వే ఇంజనీర్లు వేలల్లో ఉన్నారు. వారికీ మంచి తుపాకి కావాలి, జీతం మాత్రం అంత లేదు. ఈ సంగతిని పెద్ద కంపెనీలు గ్రహించాయి. 1875లో వెస్ట్లీ రిచర్డ్స్ కంపెనీలో ఆన్సన్, డీలీ అనే ఇద్దరు తక్కువ భాగాలతో పనిచేసే యంత్రానికి పేటెంటు తీసుకున్నారు. భాగాలు తగ్గితే పని తగ్గుతుంది, పని తగ్గితే ధర తగ్గుతుంది. హాలండ్ కంపెనీ తన ‘రాయల్’ రకానికి తోడుగా, చెక్కడం పని తగ్గించిన ‘డొమినియన్’ రకాన్ని వలస దేశాల కోసం అమ్మింది.

రిగ్బీ మరొక దారి పట్టింది. 1890ల చివర జర్మనీ మౌజర్ కంపెనీతో ఒప్పందం చేసుకొని, అక్కడ కర్మాగారంలో తయారైన బోల్టు యంత్రం తెప్పించి, దాని మీద తన పనితనం జోడించి అమ్మింది. దీనికి గొట్టం ఒకటే కనుక రెండింటినీ కలిపి సరిచేసే శ్రమ లేదు. 1907లో చంపావత్ నరభక్షక పులిని చంపినందుకు జిమ్ కార్బెట్‌కు సంయుక్త రాష్ట్రాల లెఫ్టినెంట్ గవర్నరు హ్యూయెట్ బహూకరించిన .275 రిగ్బీ ఈ మౌజర్ యంత్రపు రైఫిలే. చవక మార్గంగా మొదలైనది చరిత్రకు ఎక్కింది.

అమెరికాలో కర్మాగారపు తుపాకిదే రాజ్యం. 1909లో థియోడర్ రూజ్‌వెల్ట్ ఆఫ్రికా వేటకు వెళ్ళినప్పుడు ఆయన సామానులో ఇంగ్లీషు మిత్రులు బహూకరించిన హాలండ్ జంట గొట్టాల రైఫిలూ ఉంది, కర్మాగారంలో తయారైన .405 వించెస్టరూ ఉంది. ఆ .405 వించెస్టరే మన అడవులకూ వచ్చింది. బెంగుళూరులో ఉండి, అప్పటి సేలం జిల్లా అడవుల్లో తిరిగిన కెన్నెత్ ఆండర్సన్ చేతిలో ఉన్నది అదే. 1954లో వెలువడిన ఆయన మొదటి పుస్తకంలో జవళగిరి వంటి మనకు తెలిసిన ఊళ్ళు కనిపిస్తాయి. ఆయన మహారాజు కాదు, నెల జీతగాడు.

అయితే చవక చేయటానికీ ఒక హద్దు ఉంది. వించెస్టర్ కంపెనీ 1936లో ‘మోడల్ 70’ అనే రైఫిలు తెచ్చి గొప్ప పేరు సంపాదించింది. ఖర్చు తగ్గించాలని 1964లో దాన్ని మార్చింది. తూటాను మొదటి నుంచీ పట్టి నడిపించే బోల్టు అమరికను తీసేసింది. కర్ర మీద చేతితో చెక్కే గళ్ళను అచ్చుతో నొక్కించింది. కొనేవారు వెంటనే కనిపెట్టారు. ‘64కు ముందుది ఉందా?’ అని అడగటం మొదలుపెట్టారు. పాత తుపాకి ధర పెరిగింది, కొత్తదాని పరువు తగ్గింది. పేరు సంపాదించటానికి పట్టినంత కాలం పోగొట్టుకోవటానికి పట్టదు కదా!

ఇక మన దేశపు కథ వేరు. ఇక్కడ ఎవరికి ఏ తుపాకి అన్నది ధర ఒక్కటే నిర్ణయించలేదు, చట్టమూ నిర్ణయించింది. 1878 ఆయుధ చట్టం కింద భారతీయుడికి లైసెన్సు తప్పనిసరి, ఐరోపా వారికి మినహాయింపు. సైన్యం వాడే .303 తూటా పౌరులకు నిషిద్ధం. అందుకని బర్మింగ్‌హామ్ బి.ఎస్.ఎ. కంపెనీ సైన్యపు లీ-ఎన్‌ఫీల్డ్ యంత్రాన్నే తీసుకొని .315 తూటాకు అమర్చి భారతదేశానికి పంపింది. స్వాతంత్ర్యం తరువాత బెంగాలులోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ అదే .315ను తయారుచేసింది. మన దేశంలో సామాన్యుడి రైఫిలు అంటే అదే. ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ బోర్డు రద్దయి, 2021 అక్టోబరు 1 నుంచి ఆ ఫ్యాక్టరీ కొత్త ప్రభుత్వ కంపెనీ కిందికి వచ్చింది.

రైతు సంగతి 1959 ఆయుధ చట్టంలోని 13వ సెక్షనులో ఉంది. నిజమైన పంట రక్షణ కోసమైతే మందు కూరి కాల్చే తుపాకికి లైసెన్సు ఇవ్వవచ్చు. అది చాలదని అధికారికి తోస్తేనే మరో రకం నునుపు గొట్టం తుపాకి. అంటే రైతుకు మొదటి మెట్టు ఏదో చట్టమే రాసిపెట్టింది. మా తాతగారి తుపాకి నాటుది కావటానికి పేదరికం ఒక్కటే కారణం కాదని నేను పెద్దయ్యాక తెలుసుకున్నాను.

శ్రోతలారా, ఈ కథకు మరో పక్క ఉంది. వేట పదిమందికే అందినంత కాలం అడవి కొంత తట్టుకుంది. రైఫిలు చవకై, జీపు తోడై, రాత్రి వెలుగు విసిరే లైటు వచ్చాక తట్టుకోలేకపోయింది. 1972 లెక్కల్లో దేశం మొత్తం మీద పులులు 1,827 అని తేలింది. ఆ ఏడే వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది, 1973లో ప్రాజెక్ట్ టైగర్ మొదలైంది. అంతకుముందు పులులను అంతం చేసినవారిలో మొదటి వరుస ఖరీదైన తుపాకులవారిదే. మహారాజుల వేట చిత్రాలు చూస్తే ఆ సంగతి తెలుస్తుంది. కనుక నేరమంతా చవక తుపాకి మీద వేయటం న్యాయం కాదు. కానీ చవకైన తుపాకి చేతుల సంఖ్యను పెంచింది, ఇదీ నిజమే.

ఇతర దేశాల్లో ఈ వ్యాపారం ఆగలేదు. మౌజర్ కంపెనీ తన ఖరీదైన 98 రకాన్ని అమ్ముతూనే, 2018లో ఎం18 అనే చవక రైఫిలును ‘ప్రజల తుపాకి’ అనే అర్థం వచ్చే పేరుతో ప్రచారం చేసింది. వాల్‌నట్ కర్రకు బదులు ప్లాస్టిక్ పిడి, అలంకారం శూన్యం. గురి మాత్రం తగ్గనివ్వలేదు. వించెస్టర్ నేర్పిన పాఠం ఇదే కాబోలు: అలంకారం తగ్గించవచ్చు, నమ్మకాన్ని తగ్గించకూడదు.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా తాతగారు పోయారు. నాన్నగారు లైసెన్సు తన పేరున మార్పించుకోలేదు. తుపాకిని స్టేషనులో అప్పగించి చివరి రసీదు తెచ్చి, పట్టాదారు కాగితాల మధ్య పెట్టారు. ఆ ఏడాది పందులు అర ఎకరం వేరుశనగ తవ్వేశాయి. అమ్మ నాన్నగారిని ఏమీ అనలేదు. మరుసటి ఏడాది నుంచి కోతలయ్యే దాకా మేము వంతులవారీగా మంచె మీద పడుకొని, ఖాళీ కిరసనాయిలు డబ్బా వాయిస్తూ కాపలా కాశాము. నిద్ర చెడింది, పంట కొంత దక్కింది. పందుల వాటా పందులకు పోయింది.

పంటా అడవీ రెండూ దక్కే ఉపాయం ఏ తుపాకి కంపెనీ అమ్మదు. అది మనమే వెతుక్కోవాలి.