వీల్‌బేస్
వీల్‌బేస్ అనగా వాహనపు ముందు ఇరుసుకు, వెనుక ఇరుసుకు మధ్య గల దూరం. బస చేయుటకు వీలైన మోటార్‌హోమ్‌ల రూపకల్పనలో ఇది కీలకమైనది. 1982-83లో ఎన్.టి.రామారావు ఎన్నికల ప్రచారానికి వాడిన చైతన్యరథం, షెవర్లే వ్యానును మార్చి తయారుచేసిన ఇటువంటి వాహనమే.

వీల్‌బేస్ పెరిగితే లోపల స్థలం పెరుగుతుంది, కుదుపులు తగ్గుతాయి. కాని మలుపులకు ఎక్కువ చోటు కావాలి. పొట్టి వీల్‌బేస్‌పై పొడవైన బాడీ కడితే, వెనుక ఇరుసును దాటిన భాగపు బరువు ముందు చక్రాలను తేలిక చేసి స్టీరింగు పట్టును తగ్గిస్తుంది. ఉదాహరణకు, 3 మీటర్ల వీల్‌బేస్ గల వాహనంలో వెనుక ఇరుసుకు 1.5 మీటర్ల ఆవల 100 కిలోల నీళ్ళ ట్యాంకు అమర్చితే, ముందు ఇరుసుపై 50 కిలోల భారం తగ్గి, వెనుక ఇరుసుపై 150 కిలోలు పెరుగుతుంది. అందువలననే కేంద్ర మోటారు వాహనాల నియమావళి, 1989 ప్రకారం ఈ వెనుక భాగపు పొడవు సాధారణంగా వీల్‌బేస్‌లో 60 శాతం మించరాదు.