పాతిక సిట్టింగుల చరిత్ర

గోదావరి జిల్లాల వాళ్లకి క్యాన్సర్ చరిత్ర అనగానే గుర్తొచ్చే పేరు ఎల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో పుట్టి, రాజమండ్రిలో కొన్నాళ్లు చదివి, మద్రాసులో వైద్యం నేర్చుకుని అమెరికా వెళ్లాడు. అక్కడ లెడర్లీ ల్యాబ్‌లో ఆయన బృందం చేసిన పని నుంచి వచ్చిన మెథోట్రెక్సేట్, 1976లో మిలన్ డాక్టర్లు రొమ్ము క్యాన్సర్‌కి పరీక్షించిన మూడు మందుల్లో ఒకటి. మందుల కథ అలా మనకి తెలుసు. రేడియేషన్ కథ అంతగా తెలీదు. మనవైపు దాన్ని 'కరెంటు పెట్టడం' అంటారు. "ఎన్ని సిట్టింగులండీ?" అనడిగితే చాలా ఏళ్లు వినబడిన జవాబు: పాతిక.

ఈ పాతిక ఎక్కణ్ణుంచి వచ్చింది?

1920లలో పారిస్‌లో క్లాడియస్ రెగో పొట్టేళ్ల వృషణాల మీద ప్రయోగాలు చేశాడు. రేడియేషన్ ఒకేసారి ఇస్తే చర్మం పాడైపోయేది. అదే కొన్ని రోజులకి పంచి ఇస్తే చర్మం నిలబడింది, వీర్యకణాల పుట్టుక ఆగింది. ఈ పద్ధతినే హెన్రీ కూతార్ గొంతు క్యాన్సర్లకి వాడాడు. చిన్న మోతాదుల మధ్య మంచి కణాలు కోలుకుంటాయి, గడ్డ కోలుకోలేదు. క్రమంగా రోజుకి 2 గ్రే, వారానికి ఐదు రోజులు, ఐదు వారాలు, మొత్తం 50 గ్రే అన్నది చాలా దేశాల్లో రొమ్ముకీ లెక్క అయిపోయింది. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, ఎవరో ఎప్పుడో వేరే పని కోసం రాసిన డిఫాల్ట్ విలువ.

మాంచెస్టర్‌లో రాల్స్టన్ పేటర్సన్ మాత్రం మూడు వారాల్లోనే ముగించేవాడు. అయితే మిగతావాళ్ల భయం ఉత్తిది కాదు. రోజువారీ మోతాదు పెంచి, మొత్తాన్ని సరిగ్గా తగ్గించని చోట్ల ఆడవాళ్ల చేతి నరాలు దెబ్బతిన్నాయి. బ్రిటన్‌లో అలాంటి బాధితులు 1991లో ఒక సంఘమే పెట్టుకున్నారు. కాబట్టి రోజులు తగ్గించాలంటే రుజువు కావాలి.

ఆ రుజువు అవసరం మన డెల్టా నుంచి చూస్తే ఇంకా బాగా అర్థమవుతుంది. 1980ల నాటికి బెర్నార్డ్ ఫిషర్, ఉంబెర్టో వెరొనేసి ఒక సంగతి తేల్చారు: తొలిదశలో రొమ్మంతా తీసెయ్యక్కర్లేదు, గడ్డ తీసి రేడియేషన్ ఇస్తే చాలు. అంటే రొమ్ము ఉంచుకోవడానికి ధర ఐదు వారాలు. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి, నరసాపురంలో దిగి, అక్కణ్ణుంచి బస్సులో పోయే మనిషికి పాతిక రోజులంటే ఏమిటి? సార్వా నాట్ల కూలి పోవడం, లేదా టౌన్లో గది తీసుకోవడం. బిల్లు ఆరోగ్యశ్రీ చూసుకున్నా, ఆ రోజులు మాత్రం ఆమెవే. "మొత్తం తీసెయ్యండి డాక్టరుగారూ" అనడమే తేలికైపోతుంది. దాన్ని ఆమె ఇష్టం అనగలమా?

1993లో కెనడాలో, 1999లో బ్రిటన్‌లో పెద్ద పరీక్షలు మొదలయ్యాయి. బ్రిటన్‌లోని స్టార్ట్-బి పరీక్షలో 2,215 మంది. సగం మందికి పాతిక రోజుల్లో 50 గ్రే, సగం మందికి పదిహేను రోజుల్లో 40 గ్రే. పదేళ్ల తర్వాత అక్కడే జబ్బు తిరగబెట్టింది పాతిక వాళ్లలో 5.5 శాతం, పదిహేను వాళ్లలో 4.3 శాతం. తక్కువ రోజుల వాళ్లకి రొమ్ము కుంచించుకుపోవడం వంటి ఇబ్బందులూ తగ్గాయి. కారణం, రోజువారీ మోతాదు విషయంలో రొమ్ము క్యాన్సర్ గొంతు క్యాన్సర్‌లా కాక, దాదాపు చుట్టూ ఉన్న కండలాగే స్పందిస్తుంది. చిన్న ముక్కలు చెయ్యడం వల్ల పెద్ద లాభం లేదు.

తర్వాత ఫాస్ట్-ఫార్వర్డ్ వచ్చింది. 4,096 మంది, ఐదు రోజుల్లో 26 గ్రే. ఐదేళ్లకి తిరగబెట్టింది 1.4 శాతం మందిలో, పదిహేను రోజుల వాళ్లలో 2.1 శాతం. ఫలితాలు 2020 ఏప్రిల్లో, సరిగ్గా కోవిడ్ లాక్‌డౌన్‌లో అచ్చయ్యాయి. ఇదే ప్రశ్న మన దేశపు రోగుల మీద కోల్‌కతా టాటా మెడికల్ సెంటర్ 2019లోనే మొదలుపెట్టింది.

గమనిస్తే, పాతిక పదిహేనుకి దిగింది ఏదో కొత్త మిషను వచ్చి కాదు. పాత అంకెని ఎవరో అనుమానించి, వేలమంది ఆడవాళ్లు పరీక్షకి ఒప్పుకుని, పదేళ్లు ఆగి లెక్క చూస్తే దిగింది. అందరికీ ఐదు రోజులు సరిపోవు. గడ్డ ఎక్కడిదాకా పాకిందో చూసి డాక్టరే చెప్పాలి. కానీ మనింట్లో ఎవరికైనా ఎవరైనా పాతిక అన్నప్పుడు, "మాకు పదిహేను ఎందుకు కుదరదండీ?" అని అడగొచ్చు. దానికి జవాబు ఉండాలి. "ఎప్పుడూ ఇంతే" అన్నది జవాబు కాదు.