ఓడ దిగిన కొన్ని గంటలు: రేవు యాత్రల చరిత్ర

ఓడలో విహారయాత్రకు వెళ్లినవారికి ప్రతి రేవులోనూ ఒక నిర్ణయం తప్పదు. ఓడ కంపెనీ ఏర్పాటు చేసిన బస్సెక్కి జట్టుతో వెళ్లాలా, లేక హార్బరు గేటు దాటి సొంతంగా ఊరు చూసి రావాలా? ఈ రెండు పద్ధతులూ ఒకేసారి పుట్టలేదు. మొదట ఉన్నది సొంతంగా తిరగడమే. జట్టు యాత్ర ఆ తరువాత, ఒక్కో ఇబ్బందికి ఒక్కో జవాబుగా మెల్లగా రూపు కట్టింది. ఆ ఇబ్బందులన్నీ రెండు లెక్కల చుట్టూ తిరిగాయి: ఓడ ఎన్ని గంటలు ఆగుతుంది, చూడవలసిన చోటు రేవుకు ఎంత దూరం.

1840లలో మధ్యధరా సముద్రంలో నడిచిన పీ అండ్ ఓ కంపెనీ ఆవిరి ఓడలకు తపాలా మోయడమే ప్రధానమైన పని. ప్రయాణికుల ముచ్చట కోసం ఓడ ఆగేది కాదు. తపాలా సంచులు దించడానికి, బొగ్గు నింపుకోవడానికి ఆగేది. ఆ పని అయ్యేలోగా ఊరు చూసి రాగలిగినవాళ్లు చూసి వచ్చేవారు. 1844లో ఈ కంపెనీ ఆంగ్ల రచయిత విలియం మేక్‌పీస్ థాకరేకు ఉచితంగా చోటు ఇచ్చి యాత్రకు పంపింది. లిస్బన్, జిబ్రాల్టర్, మాల్టా, ఏథెన్స్, కాన్‌స్టాంటినోపుల్, జెరూసలేం చూసుకుంటూ ఆయన కైరో దాకా వెళ్లాడు. ఆ అనుభవాలు 1846లో పుస్తకంగా వచ్చాయి. ఓడ ప్రయాణాన్ని ఊళ్లు చూసే సరదాగా జనానికి పరిచయం చేసిన తొలి రచనల్లో అదొకటి. అయితే కంపెనీ బాధ్యత ఓడ మెట్లతోనే సరి. ఒడ్డుకు చేర్చే పడవ, ఎక్కే గాడిద, మాట కలిపే దుబాసీ, అన్నీ దిగినవాళ్లే బేరమాడి కుదుర్చుకోవాలి.

ఈజిప్టు దారి ఒక్కటే దీనికి భిన్నం. సూయెజ్ కాలువ తవ్వకముందు ఇంగ్లండు నుంచి మద్రాసు, కలకత్తా వచ్చేవాళ్లు అలెగ్జాండ్రియాలో ఓడ దిగి, మరో కాలువలో పడవల మీద, నైలు నది మీద కైరో చేరి, అక్కడి నుంచి ఎడారి దాటి సూయెజ్‌లో ఇంకో ఓడ ఎక్కేవారు. 1840ల మొదట్లో హిందోస్తాన్ అనే ఓడ సూయెజ్, కలకత్తాల మధ్య నడవడం మొదలయ్యాక ఈ దారికి రద్దీ పెరిగింది. ఎడారిలో గుర్రాలు మార్చుకోవడానికి మజిలీలు, తిండికీ నిద్రకూ బసలు వెలిశాయి. 1856లో అలెగ్జాండ్రియా నుంచి కైరోకు, 1858లో కైరో నుంచి సూయెజ్‌కు రైలు వచ్చింది. పిరమిడ్లు చూపించడం కోసం వేసిన దారి కాదిది, సరుకునూ మనుషులనూ దాటించడానికి వేసినది. కానీ ఓడ దింపిన జనాన్ని గుంపుగా నేల మీద నడిపించి మళ్లీ ఓడ ఎక్కించడం సాధ్యమేనని చూపించింది ఈ దారే.

1867 జూన్‌లో న్యూయార్క్ నుంచి బయల్దేరిన క్వేకర్ సిటీ ఓడ పూర్తిగా విహారం కోసమే సాగింది. టికెట్ 1250 డాలర్లు. మార్క్ ట్వెయిన్ అందులో ఒక ప్రయాణికుడు. 1869లో ఆయన రాసిన ‘ది ఇన్నోసెంట్స్ అబ్రాడ్’ వల్లనే ఈ యాత్ర సంగతులు ఇంత వివరంగా తెలుస్తున్నాయి. టికెట్ డబ్బు ఓడ వరకే. ఒడ్డు మీద తిరగడానికి రోజుకు అయిదు డాలర్ల చొప్పున విడిగా పెట్టుకోవాలని నిర్వాహకులు ముందే చెప్పారు. ఒక రేవులో దిగి, రైల్లో ఊళ్లు చూసుకుంటూ వెళ్లి, మరో రేవులో ఓడను అందుకునే వీలు కూడా ఉంది. ట్వెయిన్ జట్టు జెనోవాలో దిగి మిలన్, వెనిస్, ఫ్లారెన్స్ చూసి తిరిగి ఓడను కలుసుకుంది. ఓడ నిదానంగా సాగేది, ఆగిన చోట రోజుల తరబడి ఉండేది. సొంతంగా తిరిగేవాళ్లకు ఇంతటి వెసులుబాటు తరువాతి కాలంలో అరుదుగానే దొరికింది.

అదే యాత్రలో ఏథెన్స్ దగ్గర జరిగింది చెప్పుకోదగ్గ ఘటన. ఓడ పిరేయస్ రేవుకు చేరేసరికి అధికారులు క్వారంటైన్ విధించారు. పదకొండు రోజులు ఆగితే తప్ప ఒడ్డు మీద కాలు పెట్టకూడదు. అంతకాలం ఆగలేక మర్నాడే లంగరెత్తాలని కెప్టెన్ నిర్ణయించాడు. ఆ రాత్రి ట్వెయిన్, మరో ముగ్గురు చిన్న పడవలో చాటుగా ఒడ్డుకు చేరారు. ఊరి వెలుపలి నుంచి చుట్టు తిరిగి, ద్రాక్షతోటల్లో పళ్లు కోసుకు తింటూ, వెన్నెల్లో అక్రోపొలిస్ కొండ దాకా నడిచారు. గేటు మూసి ఉంది. కాపలావాళ్ల చేతిలో డబ్బు పెడితే తెరిచారు. తెల్లవారేలోగా నలుగురూ ఓడ మీదకు వచ్చేశారు. పట్టుబడితే జైలు తప్పదు. ఆ పుస్తకంలోని ఎన్నో రేవుల వర్ణనల్లో ఈ రాత్రి నడకే ఎక్కువ మందికి గుర్తుండిపోవడం సహజం. మరో రెండేళ్లకే, 1869లో, పిరేయస్ నుంచి ఏథెన్స్‌కు రైలు నడిచింది. ఎనిమిది కిలోమీటర్ల ఆ దూరం ఎవరైనా టికెట్ కొనుక్కుని వెళ్లగలిగినదయింది.

సొంతంగా తిరిగేవారికి అసలైన అండ గైడు పుస్తకం. లండన్‌లో జాన్ ముర్రే 1836లో, జర్మనీలో కార్ల్ బేడెకర్ 1830ల చివర్లో ఇలాంటి పుస్తకాలు అచ్చు వేయడం మొదలుపెట్టారు. అద్దె గైడ్ల మీద, హోటల్ యజమానుల మీద యాత్రికుడు ఆధారపడకుండా చేయాలన్నది బేడెకర్ పట్టుదల. చూసి తీరవలసిన చోట్లకు చుక్క గుర్తు పెట్టేవారు. బండి కిరాయి ఎంత, పడవవాడికి ఎంత ఇవ్వాలి, ఏ హోటల్లో గది దొరుకుతుంది అన్నవి అంకెలతో సహా ఉండేవి. దిగువ ఈజిప్టు మీద బేడెకర్ ఇంగ్లిష్ పుస్తకం 1878లో వచ్చింది. ఓడ దిగినవాడికి బేరం ఎక్కడ మొదలుపెట్టాలో ముందే తెలిసింది.

రేటు తెలిసినంత మాత్రాన ఆ రేటుకే పని జరుగుతుందన్న హామీ లేదు. ఆ హామీని అమ్మినవాడు థామస్ కుక్. 1841 జూలై 5న లెస్టర్ నుంచి లఫ్‌బరోకు మద్యనిషేధ సభకు రైల్లో జనాన్ని తీసుకెళ్లి వ్యాపారం ఆరంభించిన ఈ మనిషి, 1869లో ఈజిప్టుకూ పాలస్తీనాకూ మొదటి జట్టును నడిపించాడు. ఆ ఏడాది నవంబరులో సూయెజ్ కాలువ ప్రారంభోత్సవానికి కూడా వెళ్లాడు. హోటల్ కూపన్లు ముందే ఇంగ్లండులో కొనుక్కుంటే అక్కడ డబ్బు తీయనక్కర్లేదు, బేరం అక్కర్లేదు. కుమారుడు జాన్ మేసన్ కుక్ నైలు నది మీద ప్రయాణికుల స్టీమర్ల వ్యాపారాన్ని చేతిలోకి తీసుకున్నాడు.

కుక్ పద్ధతి ఎందుకు నిలబడిందో జాఫాను చూస్తే అర్థమవుతుంది. జెరూసలేంకు దగ్గరి రేవు అదే. కానీ దానికి హార్బరు లేదు. ఒడ్డుకు ముందు రాళ్లవరస, అందులో ఇరుకైన సందు. ఓడ సముద్రంలో దూరంగా లంగరు వేసేది. అల పైకి లేచిన క్షణంలో పడవవాళ్లు ప్రయాణికులను చేతులు పట్టి పడవలోకి దించుకునేవారు. తెడ్లు వేసి రాళ్ల సందులోంచి దూసుకుపోవడానికి చాలా నేర్పు కావాలి. సముద్రం బాగా కల్లోలంగా ఉన్న రోజున ఓడ ఎవరినీ దించకుండా తరువాతి రేవుకు సాగిపోయేది. సొంతంగా దిగినవాడు అలల మధ్య కిరాయి మాట్లాడుకోవాలి, ఒడ్డున సుంకం అధికారులతో, బండివాళ్లతో వేరువేరుగా తేల్చుకోవాలి. అక్కడి నుంచి జెరూసలేం కొండల్లోకి గుర్రపు బండి మీద దాదాపు రోజంతా ప్రయాణం. కుక్ టికెట్ ఉన్నవాడి కోసం కంపెనీ పడవ ఓడ పక్కకే వచ్చేది, ఒడ్డున మనిషి ఎదురుచూసేవాడు, బండి, గుడారం, భోజనం, బక్షీసులతో సహా లెక్క ముందే కట్టి ఉండేది. 1892లో 87 కిలోమీటర్ల జాఫా, జెరూసలేం రైలుమార్గం తెరిచాక నేల మీది కష్టం తగ్గింది, రాళ్ల సందు మాత్రం అలాగే ఉంది. ఇలాంటి చోట జట్టును ఎంచుకోవడంలో సోమరితనం ఏమీ లేదు.

ఓడ కంపెనీలే స్వయంగా ఈ వ్యాపారంలోకి దిగడానికి కారణం చలికాలం. హాంబర్గ్ అమెరికా లైన్ ఓడలకు చలికాలంలో అట్లాంటిక్ దాటే జనం తగ్గేవారు. ఖాళీగా ఉన్న ఓడను ఎండ కాసే సముద్రాలకు తిప్పాలని ఆ కంపెనీ పెద్దల్లో ఒకడైన ఆల్బర్ట్ బాలిన్ ఆలోచించాడు. 1891 జనవరి 22న ఔగుస్టా విక్టోరియా ఓడ 241 మంది ప్రయాణికులతో కుక్స్‌హాఫెన్ నుంచి బయల్దేరి, దాదాపు రెండు నెలలు మధ్యధరా తీరమంతా చుట్టి వచ్చింది. బాలిన్ కూడా అందులోనే ఉన్నాడు. ఇంతమంది ఒకేసారి దిగితే చిన్న రేవులో బండ్లు చాలవు, హోటల్లో పడకలు చాలవు. ముందుగా మాట్లాడి పెట్టడం ఓడవాళ్లకు తప్పనిసరయింది. విహారం కోసమే కట్టిన ఓడలు కూడా త్వరలోనే వచ్చాయి. ప్రిన్సెసిన్ విక్టోరియా లూయిసే 1900లో నీటిలోకి దిగింది. ఆరేళ్లకే జమైకా తీరంలో రాళ్లెక్కి పాడైపోయింది.

1909లో క్లీవ్‌లాండ్ అనే ఓడ న్యూయార్క్ నుంచి సూయెజ్, ఇండియా, జపాన్ మీదుగా శాన్ ఫ్రాన్సిస్కోకు వందల మందిని తీసుకెళ్లింది. 1922 నవంబరులో క్యూనార్డ్ కంపెనీ వారి లకోనియా ఓడను అమెరికన్ ఎక్స్‌ప్రెస్ కంపెనీ అద్దెకు తీసుకుని భూమి చుట్టూ తిప్పింది. పయనం 130 రోజులు, రేవులు 22. ఈ యాత్రల్లో ఓడ ఒక తీరాన జనాన్ని దింపి, మరో రేవుకు తాను వెళ్లి ఎక్కించుకోవడం మామూలైంది. సూయెజ్‌లో దిగి కైరో, పిరమిడ్లు చూసుకుని పోర్ట్ సయీద్‌లో ఎక్కడం ఇందుకు మంచి ఉదాహరణ. ఆ వేళకు ఓడ కాలువ గుండా సాగుతూ ఉంటుంది. సొంతంగా వెళ్లినవాడికి రైలు తప్పిందంటే ఓడ కూడా తప్పినట్టే. ఓడ ఆగిన చోటే ఉంటే ఆలస్యం చిన్న విషయం, ఓడ కదులుతుంటే అదే పెద్ద గండం. జట్టు యాత్రకు బలం చేకూర్చింది ప్రధానంగా ఈ భయమే.

1960ల నాటికి అట్లాంటిక్ దాటే జనాన్ని జెట్ విమానాలు లాగేసుకున్నాయి. ఓడలు పూర్తిగా విహారానికి మళ్లాయి. 1966 చివర్లో సన్‌వర్డ్ అనే ఓడ మయామీ నుంచి బహామాస్‌కు నడవడంతో కరీబియన్ క్రూయిజ్ వ్యాపారం పుంజుకుంది. టికెట్ ధర తగ్గించి, ఓడెక్కాక చేసే ఖర్చు మీద లాభం తీసుకోవడం ఆ వ్యాపార పద్ధతి. ఒడ్డు యాత్రలు అందులో ముఖ్యమైన భాగం. చాలాచోట్ల యాత్ర నడిపేది ఊళ్లోని ట్రావెల్స్ వాళ్లే. ఓడ కంపెనీ ఆ ట్రావెల్స్‌తో ఒప్పందం చేసుకుని, తన లాభం కలిపి అమ్ముతుంది. అదే బస్సు, అదే గైడు రేవు బయట తక్కువకు దొరికే సందర్భాలు అందుకే ఉంటాయి. ధరలో తేడా దేనికంటే సమయం పూచీకి. కంపెనీ అమ్మిన యాత్ర దారిలో చిక్కుకుంటే ఓడ సాధారణంగా ఆగుతుంది, ఆగలేకపోతే ఆ ప్రయాణికులను తరువాతి రేవుకు చేర్చే భారం కంపెనీదే. సొంతంగా వెళ్లినవారికి ఆ పూచీ లేదు. విమానం టికెట్, హోటల్ ఖర్చు వాళ్లే పెట్టుకోవాలి.

ఒడ్డు యాత్రల బలం ఎంతదో అలాస్కాలోని స్కాగ్వే చూపిస్తుంది. బంగారం వేట రోజుల్లో 1898లో మొదలైన వైట్ పాస్ అండ్ యూకాన్ రైలు, గనులు మూతపడి 1982లో ఆగిపోయింది. 1988లో మళ్లీ పట్టాలెక్కింది ఓడల మీద వచ్చే యాత్రికుల కోసమే. ఓడల బేరం లేకుంటే ఆ రైలు తిరిగి నడిచేదే కాదు. ఇంకో వైపు, నార్వేజియన్ అనే ఓడ కంపెనీ 1977లో బహామాస్‌లోని గ్రేట్ స్టిరప్ కే ద్వీపాన్ని తన చేతిలోకి తీసుకుంది. అక్కడ దిగినవాడు ఎటు తిరిగినా కంపెనీ ఇసుక మీదే. బేరమాడే పడవవాళ్లు లేరు, ఊరు లేదు. రేవులో ఎదురయ్యే ఊరి మనుషులనే తీసేశాక మిగిలేది స్నానం, ఎండ, భోజనం. ఇది యాత్రికులకు హాయి కావచ్చు. పక్క రేవుల్లోని టాక్సీవాళ్లకూ దుకాణాలకూ మాత్రం ఆ రోజు ఆదాయం పోయినట్టే. జనం మరీ ఎక్కువైన ఊళ్లు తమవైపు నుంచి కట్టడి చేసుకున్నాయి. క్రొయేషియాలోని దుబ్రోవ్నిక్ 2019లో ఒకేసారి రెండు ఓడలకు మించి రాకుండా ఓడ కంపెనీలతో ఒప్పందం చేసుకుంది. 2021లో ఇటలీ ప్రభుత్వం వెనిస్ నడిబొడ్డు కాలువలోకి పెద్ద ఓడలను రాకుండా ఆపింది.

రేవుకూ ఊరికీ ఉన్న దూరం నేటికీ చాలావరకు తీర్పు చెబుతుంది. పిరేయస్‌లో దిగినవారు 1869 నాటి ఆ రైలుమార్గం మీదే నేడు మెట్రోలో ఏథెన్స్ నడిబొడ్డుకు చేరుతున్నారు, జట్టు అవసరం లేదు. రోమ్‌కు రేవుగా ఉన్న చివిటావెక్కియా నుంచి నగరానికి దాదాపు 80 కిలోమీటర్లు. రైలు ఉంది కానీ, పోయి రావడానికే కొన్ని గంటలు ఖర్చవుతాయి.

ఆంధ్ర తీరానికి ఈ లెక్క ఇటీవలే వచ్చింది. 2022 జూన్‌లో కార్డేలియా ఓడ విశాఖపట్నం నుంచి పుదుచ్చేరి, చెన్నై వైపు విహారయాత్రలు మొదలుపెట్టింది. 2023 సెప్టెంబరులో విశాఖ పోర్టులో అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభమైంది. ఇక్కడ రేవు ఊరిని ఆనుకునే ఉంది. ఆటో ఎక్కితే ఆర్కే బీచ్, అక్కడ 2002 నుంచి మ్యూజియంగా ఉన్న కురుసుర జలాంతర్గామి, తీరం వెంట ముందుకెళ్తే కైలాసగిరి, కాస్త దూరంలో సింహాచలం, అన్నీ ఒక పూటలో సొంతంగా చూసిరావచ్చు. బొర్రా గుహలు 90 కిలోమీటర్ల దూరం, అరకు 115. ఉదయం బయల్దేరే రైలు ఘాట్ ఎక్కి అరకు చేరేసరికి నాలుగు గంటల దాకా పడుతుంది. సాయంత్రం ఓడ కదిలేలోగా అరకు చూసి తిరిగి రావాలంటే, వేళకు వెనక్కి చేర్చే పూచీతో ముందే మాట్లాడిన బండి కావలసిందే.