ఇంటి సిమ్యులేటర్‌కు బిజినెస్ జెట్: బొమ్మ చూసి కాదు, పనితీరు చూసి కొనాలి

హోమ్ ఫ్లైట్ సిమ్యులేటర్ మొదలుపెట్టిన వాళ్లు ముందు చిన్న సెస్నా నడుపుతారు, తర్వాత ఎయిర్‌బస్ ఎక్కుతారు. కొన్నాళ్లకు చూపు బిజినెస్ జెట్‌ల మీద పడుతుంది. ఎయిర్‌బస్ కంటే చిన్నవి, చిన్న రన్‌వేల మీద కూడా దిగుతాయి, చాలా ఎత్తున ఎగురుతాయి, కొన్నింటిని ఒక్క పైలటే నడపొచ్చు. ఇంట్లో ఒంటరిగా కూర్చుని నడిపేవాళ్లకు ఇంతకంటే ఏం కావాలి!

ఇబ్బంది కొనే దగ్గర వస్తుంది. సిమ్యులేటర్‌తో పాటు రాకుండా, విడిగా కొని కలుపుకునే విమానాన్ని యాడ్-ఆన్ అంటారు. ధర ఎక్కువగా డాలర్లలో ఉంటుంది. డౌన్‌లోడ్ చేశాక డబ్బు వెనక్కి రావడం కష్టం. పిల్లాడు వీడియో చూసి ముచ్చటపడ్డాడని కార్డు గీకేస్తే, వారం తిరిగేలోపు ఆ విమానం మూలన పడే అవకాశమే ఎక్కువ. ఫొటోలో లెదర్ సీట్లు మెరుస్తుంటాయి గానీ కాక్‌పిట్‌లో సగం బటన్లు పనిచేయవు.

నమ్మదగ్గ యాడ్-ఆన్‌కు ఒక గుర్తు ఉంది. అసలు విమానం చేయలేని పనిని అది కూడా చేయకూడదు. ఎంపికంతా ఈ ఒక్క మాట మీద నడిస్తే డబ్బు వృథా కాదు.

ముందు సిమ్యులేటర్ ఏదో తేల్చుకోవాలి

ఇళ్లలో ఎక్కువగా కనిపించేవి మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ (2020, 2024 వెర్షన్లు), ఎక్స్-ప్లేన్ 12. ఒకదానికి చేసిన విమానం రెండోదాంట్లో పనిచేయదు. 2020 వెర్షన్‌కు కొన్నవి 2024లో చాలావరకు నడుస్తాయి గానీ అన్నీ కాదు. తయారుచేసినవాళ్లు ఆ మాట స్పష్టంగా రాశారో లేదో చూసుకోవాలి. ఎక్స్‌బాక్స్ మీద ఆడేవాళ్లయితే ఎక్స్‌బాక్స్‌లో దొరుకుతుందా అన్నది మొదట చూడాలి. పీసీకి మాత్రమే వచ్చే విమానాలు చాలా ఉన్నాయి.

కంప్యూటర్ సంగతి కూడా ముందే చూసుకోవాలి. మైక్రోసాఫ్ట్ 2024 వెర్షన్‌కు కనీసం 16 జీబీ ర్యామ్ అడుగుతారు, 32 జీబీ ఉంటే మంచిదంటారు. పైగా అది భూమి దృశ్యాలను ఇంటర్నెట్ నుంచి తెచ్చుకుంటూ నడుస్తుంది. డేటా లెక్కపెట్టుకుని వాడే ఇంట్లో ఇది చిన్న విషయం కాదు.

చేతిలో ఉన్నదాన్ని ముందు నడపాలి

మైక్రోసాఫ్ట్ సిమ్యులేటర్‌తోనే సెస్నా సైటేషన్ సీజే4 వస్తుంది. 2020 వెర్షన్ ప్రీమియం డీలక్స్ ఎడిషన్‌లో సైటేషన్ లాంగిట్యూడ్ కూడా ఉంది. మొదట్లో సీజే4 కాక్‌పిట్ అంత నమ్మకంగా ఉండేది కాదు. వర్కింగ్ టైటిల్ అనే బృందం దాన్ని బాగుచేసి ఉచితంగా పంచింది. తర్వాత ఆ బృందం మైక్రోసాఫ్ట్‌తోనే కలిసి పనిచేసింది, ఆ పనితనం అధికారిక విమానంలోకి వచ్చేసింది. అందుకే పైసా అదనంగా పెట్టకుండా నేర్చుకోవడానికి ఈరోజు సీజే4 కంటే మంచి ఆరంభం కనిపించదు.

ఎక్స్-ప్లేన్ 12లో సైటేషన్ ఎక్స్, ఒకే ఇంజన్ ఉన్న సిరస్ విజన్ జెట్ సిమ్యులేటర్‌తోనే వస్తాయి. ఎక్స్-ప్లేన్‌కు ఉచిత డెమో ఉంది. కొనేముందు ఇంట్లో కంప్యూటర్ తట్టుకుంటుందో లేదో దాంతో చూసుకోవచ్చు.

ఈ ఉచిత విమానాల్లో ఒకదానితో నెల రోజులు సరిగ్గా నడిపాక ఇంకా ఏం కావాలో తనంతట తానే తెలుస్తుంది. అప్పుడు కొన్నది వాడుకలో ఉంటుంది.

డబ్బు పెట్టి కొనేవి: ఎవరికి ఏది

ఫ్లైట్‌ఎఫ్‌ఎక్స్ విజన్ జెట్ మైక్రోసాఫ్ట్ సిమ్యులేటర్‌కు చేసింది. అసలు విమానానికి ఒకటే ఇంజన్, పక్కన సైడ్‌స్టిక్, టచ్ స్క్రీన్ గార్మిన్ వ్యవస్థ, ఆపదలో విమానం మొత్తాన్ని దించే పారాచూట్ ఉంటాయి. మామూలు జాయ్‌స్టిక్ ఉన్న ఇంటికి, జెట్‌లు కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఇది సరిపోతుంది.

అదే సంస్థ హెచ్‌జెట్ హోండాజెట్‌ను పోలి ఉంటుంది. ఇంజన్లు రెక్కల పైన ఉంటాయి. ఒక్క పైలట్‌తో రెండు ఇంజన్ల జెట్ నడపాలనుకునేవాళ్లకు ఇది అనుకూలం.

ఫ్లైసిమ్‌వేర్ లియర్‌జెట్ 35ఏ పాతకాలపు జెట్. తెరలు తక్కువ, ముళ్ల గడియారాలు ఎక్కువ. పైలట్ చేయి, కన్ను నిరంతరం పనిచేస్తూ ఉండాలి. లెక్కలు, ఇంధనం, వేగం మనసులో పెట్టుకుని నడపడం ఇష్టమైనవాళ్లకు ఇది నచ్చుతుంది. అన్నీ ఆటోపైలట్ చేయాలనుకునేవాళ్లకు విసుగొస్తుంది.

హాట్ స్టార్ట్ ఛాలెంజర్ 650 ఎక్స్-ప్లేన్‌కు వచ్చిన పెద్ద జెట్. ఖరీదు కూడా పెద్దదే. విమానం ఒకసారి ఏ స్థితిలో వదిలితే మళ్లీ ఎక్కినప్పుడు అదే స్థితిలో ఉంటుంది, వాడుకను బట్టి అరుగుదల కూడా గుర్తుపెట్టుకుంటుంది. చెక్‌లిస్ట్ చదివే ఓపిక లేనివాళ్లు దీని జోలికి వెళ్లకపోవడమే మంచిది. బాగా చదివేవాళ్లకు మాత్రం ఏళ్ల తరబడి సరిపడే పని ఉంటుంది.

దూరం లెక్క: హైదరాబాద్ నుంచి ఎక్కడిదాకా

మన ఇళ్లలో సిమ్యులేటర్ తెరవగానే చాలామంది పెట్టే రూట్లు దుబాయ్, జెద్దా. అసలు విమానాల లెక్క తెలుసుకోవడానికి ఇవి మంచి ఉదాహరణలు. శంషాబాద్ నుంచి దుబాయ్ నేరుగా సుమారు 1,375 నాటికల్ మైళ్లు, జెద్దా సుమారు 2,230. ఒక నాటికల్ మైలు 1.852 కిలోమీటర్లు.

విజన్ జెట్ తయారీదారు చెప్పే గరిష్ఠ దూరం సుమారు 1,200 నాటికల్ మైళ్లు. దుబాయ్‌కి కూడా నేరుగా చేరదు, మధ్యలో ఆగాలి. సీజే4 గరిష్ఠ దూరం 2,165. దుబాయ్‌కి చేరుతుంది, జెద్దాకు నేరుగా చాలదు. లాంగిట్యూడ్‌కు 3,500, ఛాలెంజర్ 650కి 4,000 ఉంది కాబట్టి జెద్దా వరకు పోతాయి.

ఈ అంకెలు కూడా తక్కువ మందితో, అనుకూల వాతావరణంలో లెక్కగట్టినవి. పడమరకు వెళ్లేటప్పుడు ఎదురుగాలి ఉంటే ఇంకా తగ్గుతాయి. దిగాల్సిన చోట వాతావరణం బాగోకపోతే వేరే విమానాశ్రయానికి వెళ్లేంత ఇంధనం మిగలాలి. సీజే4 సిమ్యులేటర్‌లో నిండా జనంతో జెద్దాకు నేరుగా పోయిందంటే అందులో ఇంధనం లెక్క తప్పినట్లే.

కొన్నాక చేయాల్సిన ఐదు పరీక్షలు

1. బరువు పరీక్ష. సీజే4లో ట్యాంకులు పూర్తిగా నింపితే మనుషులకూ సామానుకూ మిగిలేది సుమారు 1,000 పౌండ్లు, అంటే 450 కిలోలు. తొమ్మిది మందిని, నిండు ట్యాంకులను ఒకేసారి పెడితే టేకాఫ్ పరిమితి 17,110 పౌండ్లు దాటాలి. దాటినా ఏమీ చూపించకుండా తేలిగ్గా లేచిపోతే బరువు లెక్క నామమాత్రం అన్నమాట.

2. ఎండ పరీక్ష. శంషాబాద్ సముద్రమట్టానికి 617 మీటర్ల ఎత్తున ఉంది. మే నెలలో 42 డిగ్రీల ఎండ పెడితే గాలి పల్చబడి, విమానానికి అది దాదాపు 5,700 అడుగుల ఎత్తులో ఉన్నట్లే. ఒకే బరువుతో 15 డిగ్రీల్లో ఒకసారి, 42 డిగ్రీల్లో ఒకసారి లేవాలి. రెండోసారి రన్‌వే స్పష్టంగా ఎక్కువ పట్టాలి.

3. ఒక ఇంజన్ పరీక్ష. రెండింజన్ల జెట్‌లో టేకాఫ్ కాగానే ఒక ఇంజన్ ఆపాలి. ముక్కు పక్కకు లాగాలి, రడ్డర్ అవసరం పడాలి, ఎక్కడం నెమ్మదించాలి. అయినా విమానం ఎక్కుతూనే ఉండాలి.

4. వేగం పరీక్ష. కిందకు దిగుతూ థ్రాటిల్ తగ్గించకుండా వదిలేయాలి. సీజే4 అయితే 305 నాట్లు, ఎత్తులో ధ్వని వేగంలో 0.77 వంతు పరిమితి. అది దాటగానే హెచ్చరిక మోగాలి.

5. లేనిది ఉందా అనే పరీక్ష. మైక్రోసాఫ్ట్‌తో వచ్చే తరహా సీజే4లో ఆటోథ్రాటిల్ లేదు, నేల మీద కరెంటిచ్చే ఏపీయూ లేదు, ఇంజన్ రివర్సర్లు లేవు. లాంగిట్యూడ్‌లో ఆటోథ్రాటిల్, ఏపీయూ ఉన్నాయి. అసలు విమానంలో లేని సౌకర్యం యాడ్-ఆన్‌లో కనిపిస్తే, తయారుచేసినవాళ్లు అసలు పుస్తకం తెరవలేదని అర్థం.

ఈ ఐదూ చేయడానికి ఒక సాయంత్రం చాలు. కొనేముందైతే ఇవే ప్రశ్నలు పెట్టుకుని పూర్తి నిడివి వీడియోలు చూడొచ్చు. రెండు నిమిషాల ట్రైలర్‌తో ఏమీ తేలదు.

పైకి కనిపించని ఖర్చులు

విమానం కొన్నాక కూడా ఖర్చులుంటాయి. దారులు, వేపాయింట్ల డేటా ప్రతి 28 రోజులకు మారుతుంది. దాన్ని తాజాగా ఉంచడానికి, చార్టులకు చాలామంది నావిగ్రాఫ్ చందా కడతారు. కొత్తవాళ్లకు అది వెంటనే అవసరం లేదు. రూటు, ఇంధనం లెక్కకు సిమ్‌బ్రీఫ్ ఉచితం. నిజం మనుషులు కంట్రోలర్లుగా మాట్లాడే వాట్సిమ్ నెట్‌వర్క్ కూడా ఉచితమే.

మొదటి డబ్బు రెండో విమానం మీద కాకుండా థ్రాటిల్, రడ్డర్ పెడల్స్ మీద పెడితే ఎక్కువ ఉపయోగం. కీబోర్డుతో నడిపితే ఎంత ఖరీదైన జెట్ అయినా బొమ్మలాగే ఉంటుంది. దొంగ కాపీలతో ఇంట్లో కంప్యూటర్‌కు వైరస్ వచ్చే ప్రమాదం ఉంది. అదే కంప్యూటర్‌లో బ్యాంకు పనులు కూడా చేసుకునే కుటుంబం ఆ ఆశకు పోకూడదు.

పైలట్ కావాలనుకునే పిల్లలుంటే

ఇంట్లో సిమ్యులేటర్ మీద ఎన్ని గంటలు నడిపినా లైసెన్స్ లెక్కలోకి రావు. మన దేశంలో కమర్షియల్ పైలట్ లైసెన్సుకు 200 గంటల ఫ్లయింగ్ కావాలి. డీజీసీఏ ఆమోదం ఉన్న శిక్షణ సిమ్యులేటర్లు వేరు, ఇంటి కంప్యూటర్ వేరు. ఈ తేడా చెప్పకుండా ఎవరైనా ఖరీదైన సెట్ అంటగడుతుంటే తల్లిదండ్రులు జాగ్రత్తపడాలి.

లక్షల ఫీజు గురించి ఆలోచించేముందు డీజీసీఏ వైద్య పరీక్ష సంగతి తేల్చుకోవడం మంచిది. ముందు క్లాస్ 2, కమర్షియల్ లైసెన్సుకు క్లాస్ 1 తప్పనిసరి. కంటిచూపులోనో మరో చోటో ఇబ్బంది ఉంటే అక్కడే తెలుస్తుంది.

అంతమాత్రాన సిమ్యులేటర్ వృథా అని కాదు. చెక్‌లిస్ట్ వదలకుండా చదవడం, బయలుదేరేముందు ఇంధనం లెక్క వేయడం, వాతావరణం చూసి ఈరోజు వద్దు అనుకోవడం ఇంటి దగ్గరే అలవాటవుతాయి. లెక్క తప్పినా లేచిపోయే విమానంతో ఆ అలవాటు రాదు. ఇంధనం చాలనప్పుడు జెద్దాకు పోనని మొరాయించే విమానంతోనే వస్తుంది. డబ్బు పెడితే అలాంటి విమానానికే పెట్టాలి.